పదకొండు రోజుల తలనొప్పి

తండాల ఆమెను హేమ్లి అని పిలుస్తరు. మా రిజిస్టర్ల పేరు హేమలత. బూర్గంపాడు దాటినంక అడవి మొదలయ్యేకాడ వాగుకు ఒక ఒడ్డున లంబాడీ తండా, ఇంకో ఒడ్డున కోయగూడెం ఉంటయ్. హేమలత ఇల్లు తండాల, ఆమె నడిపే అంగన్‌వాడీ గూడెంల. రోజూ చెప్పులు చేతిల పట్టుకొని వాగు దాటి వచ్చేది. వానకాలం మాత్రం మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి వంతెన మీదికెళ్లి రావాలె. ఆ సెక్టారుకు నేను సూపర్‌వైజర్‌ను. నా కింద ఇరవై ఆరు సెంటర్లున్నయ్. ఎప్పుడు పోయినా తాళం తీసి ఉండే సెంటరు ఆమెది.

ఆమె బలమంతా మాటలోనే ఉండేది. ఇంట్ల లంబాడీ, మీటింగుల తెలుగు, పిల్లలతోని కోయ. ఆ కోయ మాట సెంటర్ల ఆయాగా పనిచేసే ముత్యాలు దగ్గర నేర్చుకున్నది. గూడెం పిల్లలు తెలుగు రాక బిక్కమొగం పెట్టుకొని కూసుంటే, వాళ్ల భాషల వాళ్లనే ఎక్కిరించి నవ్వించి, నవ్వుతుండంగనే నోట్ల అన్నం ముద్ద పెట్టేది. ఒకసారి నేను తనిఖీకి పోయిన రోజు, గుడ్డు తినను అని మొండికేసిన ఒక పిల్లకు, కోడి వాగు దాటి వచ్చి ఈ గుడ్డును ఇచ్చి పోయిందని పావుగంట కథ చెప్పింది. పిల్ల గుడ్డు తిన్నది. నేను రిజిస్టరు చూసుడు మరిచిపోయి కథ విన్న.

ఆమెకు మాత్రం పిల్లలు లేరు.

ఇరవై ఒకటో ఏట కోటేష్‌తోని పెండ్లయింది. కోటేష్ బూర్గంపాడుల ఒక మందుల షాపుల పనిచేస్తడు. పన్నెండేండ్ల అనుభవం. తండాల ఎవ్వలకు జరమొచ్చినా, ఒళ్లు నొప్పులొచ్చినా ముందు కోటేష్ ఇంటి ముందుకే వస్తరు. "కోటేష్ చెయ్యి మంచిది" అంటరు. తాగుడు లేదు, కొట్టుడు లేదు. జీతం రాంగనే భార్యకు పూలు తెచ్చే మొగోడు ఆ తండాల అతనొక్కడే అని ముత్యాలు నవ్వుకుంట చెప్పేది.

మొదటి కాన్పుల ఏడో నెలనే బిడ్డ పోయింది. రెండోసారి ఎనిమిదో నెలల, పొలం కాడ ఉండంగ, ఒక్కసారే నెత్తురు మొదలైంది. ట్రాలీ ఆటోల పండబెట్టి తీసుకుపోయిండ్రు. దవాఖానా చేరేసరికి కోటేష్ అంగీ, ప్యాంటు మొత్తం తడిసిపోయినయ్. బిడ్డ దక్కలేదు. నాలుగు సీసాల రక్తం ఎక్కిస్తే హేమలత బతికింది. ఆమె కళ్లు తెరిచేసరికి కోటేష్ మంచం పట్టీ పట్టుకొని కింద కూసున్నడు.

"డాక్టరేమన్నడు?" అని అడిగింది.

"ఏమనలే. ఒంట్ల రక్తం లేదన్నడు. బలం గోలీలు వాడాలన్నడు."

నిజానికి డాక్టరు ఇంకో మాట గూడ అన్నడు. రెండేండ్లు ఆగి, పెద్ద డాక్టరుకు చూపించుకొని, అప్పుడు బిడ్డ సంగతి ఆలోచించుండ్రి అన్నడు. ఆ మాట కోటేష్ తన దగ్గరనే పెట్టుకున్నడు.

అప్పటిసంది కోటేష్ ఒక తెల్ల ప్లాస్టిక్ సీసాల గోలీలు తెచ్చి ఇచ్చేటోడు. గోలీల అట్టలైతే వాగు దాటేటప్పుడు తడుస్తయని విప్పి సీసాల పోసిన అనేటోడు. మూడు వారాలు రోజుకొకటి వేసుకోవాలె, ఒక వారం ఆపాలె, లేకపోతే వేడి చేస్తది అని చెప్పిండు. హేమలత అట్లనే వేసుకున్నది. గూడెంల గర్భిణీలకు ఇనుము గోలీలు ఇచ్చి, ఎదురుగ నిలబడి మింగించే మనిషి. మందు వెయ్యకుంటే ఏమైతదో నలుగురికి చెప్పే మనిషి. తన మొగడు ఇచ్చిన మందు ఏందని అడగలేదు. ఎందుకడుగుతది?

గట్ల మూడేండ్లు నడిచింది.

ఆ మూడేండ్లల ఆమె పడ్డ మాటలకు లెక్కలేదు. అత్త పూలి నోరు పెద్దది. పొద్దున వాకిలి ఊడ్చేటప్పుడే అందుకునేది. "ఊరోళ్ల పిల్లలకు బువ్వ పెడ్తది, నా ఇంట్ల ఊయల కట్టదు" అనేది. తండాల పెండ్లికి పోతే పెండ్లిపిల్లకు పసుపు రాయనియ్యలేదు. ఇంకో పిల్లను చూద్దామని పూలి రెండు మూడు తండాలు తిరిగింది గూడ. కోటేష్ ఒప్పుకోలేదు. "నాకు హేమ్లి చాలు" అన్నడు. ఆ ఒక్క మాట పట్టుకొని హేమలత అన్ని మాటలు దిగమింగింది.

భద్రాచలం పోయి గోదాట్ల మునిగి మొక్కింది. దర్గాల చాదరు కప్పింది. గూడెంల చెట్ల మందు ఇచ్చే బొజ్జయ్య దగ్గర నలభై రోజులు చేదు కషాయం తాగింది. ప్రతిచోటికీ కోటేష్ పక్కన నడిచిండు. ముడుపు కట్టేటప్పుడు ఆమె చేతి మీద తన చెయ్యి గూడ వేసిండు. ప్రతినెలా తారీకు తప్పకుండ బయటుండేది. వెనక గదిల గోడకు ఆనుకొని ఏడిస్తే, కోటేష్ నెత్తి నిమిరి, "వచ్చే నెల చూద్దాం" అనేటోడు.

పోయిన ఏడాది మార్చిల, ఒక సోమవారం, ఆమెకు తలనొప్పి మొదలైంది.

ఎండలు అప్పుడే ముదిరినయ్. ఎండదెబ్బ అనుకున్నది. కోటేష్ నొప్పి గోలీ ఇచ్చిండు. కాసేపు తగ్గింది, మళ్ల వచ్చింది. మూడో రోజుకు వంగితే తల పగిలిపోతున్నట్టున్నదని ముత్యాలుతోని చెప్పింది. నాలుగో రోజు పిల్లల ముందరనే వాంతి చేసుకున్నది. ముత్యాలు సంబరపడి కళ్లు పెద్దవి చేసి చూసింది. హేమలత తల అడ్డంగ ఊపింది.

"టీచరమ్మా, గిది మామూలు నొప్పి కాదు. దవాఖానాకు పో" అన్నది ముత్యాలు.

"ఇంట్లనే డాక్టరున్నడు కదా అక్కా" అని నవ్వింది హేమలత.

ఆ సాయంత్రం కోటేష్‌కు వాంతి సంగతి గూడ చెప్పింది. అతను ఆమె నుదురు ముట్టి చూసిండు. "పార్శ్వపు నొప్పి అయి ఉంటది. వారంల పోతది" అన్నడు. తెల్లారి సీసాల గోలీలు మారినయ్. ఇదివరకటివి చిన్నగ, లేత పసుపు రంగుల ఉండేటియి. ఇవి పెద్దగ, ఎర్రగ ఉన్నయ్.

"రంగు మారిందేంది?"

"కంపెనీ మారింది" అన్నడు.

ఎనిమిదో రోజు బూర్గంపాడుల నా మీటింగు. ఆ మాట చెప్పుకోకుండ ఈ కథ చెప్తే నాది గూడ దొంగతనమే. హేమలత వెనక వరుసల కూసున్నది. పిల్లల బరువులు ఫోన్ల ఎక్కించాలె. ఫోను దగ్గరికి తెచ్చుకుంటది, దూరం పెడతది, ఒక కన్ను మూసుకుంటది. ఆమె సెంటరు అంకెలన్నీ తప్పులే పడ్డయ్.

"ఏంది హేమలతా, పన్నెండు కిలోల పిల్లకు ఇరవై ఒకటి రాసినవ్? నిద్రపోతున్నవా?" అని అందరి ముందర అన్న.

"అక్షరాలు రెండు రెండుగ కనబడుతున్నయ్ మేడం" అన్నది.

"అద్దాలు పెట్టించుకో" అన్న. అంతే. తర్వాతి సెంటరు పేరు పిలిచిన.

పదకొండో రోజు గురువారం. మధ్యాహ్నం పిల్లలకు పప్పు వడ్డిస్తున్నది. కుడి చేతిల గరిటె జారి కింద పడ్డది. వంగి తీసుకోబోతే చెయ్యి లేవలేదు. ముత్యాలు దిక్కు చూసి ఏదో అన్నది. అది తెలుగు కాదు, కోయ కాదు, లంబాడీ కాదు. నోట్ల నుంచి ముక్కలు ముక్కలుగ వచ్చిన సప్పుడు. పిల్లలు ఇదొక కొత్త ఆట అనుకొని నవ్విండ్రు. ఆ నవ్వుల మధ్యలనే ఆమె పక్కకు ఒరిగి, కాళ్లు చేతులు కొట్టుకున్నది.

ముత్యాలు పిల్లలను బయటికి తోలి, టీచరమ్మను పక్కకు తిప్పి పండబెట్టి, అంబులెన్సుకు ఫోను కొట్టింది. భద్రాచలంల సూది వేసి, తలకు ఫోటో తీసి, ఇక్కడ కాదు, జల్దీ ఖమ్మం తీసుకుపోండ్రి అన్నరు. కోటేష్ అంబులెన్స్ వెనక బండి మీద వచ్చిండట.

తెల్లారి నేను ఖమ్మం పోయిన. హేమలత కళ్లు తెరిచే ఉన్నది. కుడి చెయ్యి చచ్చుబడి దుప్పటి మీద ఉన్నది. నన్ను గుర్తుపట్టింది. నోరు తెరిచింది. ఏం రాలేదు. మళ్ల తెరిచింది. కళ్ల నుంచి నీళ్లు కారినయ్.

ఆ వార్డు డాక్టరమ్మ పేరు షబ్రీన్. ఖమ్మం పిల్లనే, వాళ్ల నాయనకు అక్కడనే కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉందట. చిన్న వయసు, నెమ్మదిగ మాట్లాడే మనిషి. కోటేష్‌ను, పూలిని, నన్ను మంచం దగ్గరికి పిలిచి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.

"గుండె నుంచి మెదడుకు రక్తం ఎక్కే తొవ్వ ఒకటి. పని అయిపోయిన రక్తం కిందికి దిగే తొవ్వ ఇంకోటి. ఈమెకు దిగే తొవ్వల రక్తం గడ్డకట్టింది. రక్తం వస్తనే ఉంది, పోతలేదు. లోపల ఒత్తిడి పెరిగి ఎడమ దిక్కు వాచింది, కొంచెం చిట్లింది గూడ. మనిషికి మాట ఉండేది ఆ దిక్కే. ఆమెకు మనం మాట్లాడేది తెలుస్తది. తిరిగి చెప్పలేదు, అంతే."

"బతుకుతదా అమ్మా?" అని పూలి అడిగింది.

"గడ్డ పెరగకుండ సూదులు మొదలుపెట్టినం. కానీ గడ్డ ఎందుకు కట్టిందో తెలవాలె. ఈ వయసు ఆడోళ్లకు గిట్ల వస్తే ముందు కొన్ని సంగతులు అడుగుతం. మొన్నమొన్న కాన్పు అయిందా?"

"లేదు."

"పిల్లలు కాకుండ గోలీలు ఏమన్న మింగుతుందా?"

కోటేష్ నేల చూసుకుంట, "లేదు మేడం" అన్నడు.

పూలి నవ్విందో ఏడ్చిందో తెల్వదు. "పిల్లల కోసం మొక్కని రాయి లేదమ్మా. ఆమెకెందుకు ఆ గోలీలు?" అన్నది.

డాక్టరమ్మ మళ్ల అడిగింది. కోటేష్ మళ్ల లేదన్నడు. ఆమె రాసుకున్నది.

అప్పుడే ముత్యాలు వచ్చింది. గూడెం నుంచి పొద్దటి బస్సుకు బయలుదేరిందట. హేమలత చేతిసంచీ సెంటర్లనే ఉండిపోతే తీసుకొచ్చింది. సంచీ నుంచి తెల్ల సీసా తీసి డాక్టరమ్మ చేతికి ఇచ్చింది. "టీచరమ్మ రోజూ వేసుకునే బలం గోలీలు. నిన్నటిసంది వెయ్యలేదు. వెయ్యమంటరా?" అని అడిగింది. ఆమె మనసుల ఇంకేం లేదు.

డాక్టరమ్మ సీసా మూత తీసింది. ఒక ఎర్ర గోలీ అరచేతిల వేసుకొని అటు ఇటు తిప్పింది. "ఇవి ఏం గోలీలు?" అని కోటేష్‌ను చూసింది.

కోటేష్ మొగం తెల్లబడ్డది. "ఇవి కావు మేడం. ఇవి ఉత్త విటమిన్లే" అన్నడు.



"ఇవి కావంటే?" అన్నది డాక్టరమ్మ. "మరి ఏవి?"

కోటేష్ మంచం పట్టీ పట్టుకున్నడు. నోటి మీద చెయ్యి పెట్టుకున్నడు. డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "చూడు అన్నా, ఆమె ఏం మింగిందో నాకు తెలవకపోతే మందు గుడ్డిగ ఇచ్చినట్టు అయితది. ఎన్ని రోజులు మింగింది?"

"మూడేండ్లు" అన్నడు.

"ఏంది?"

"పిల్లలు కాకుండ ఇచ్చే గోలీలు. నేనే ఇచ్చిన. ఆమెకు ఎరుక లేదు."

పూలి కొడుకును చూసింది, కోడలిని చూసింది, మళ్ల కొడుకును చూసింది. కోటేష్ గబగబ చెప్పుకుంట పోయిండు. ఆటోల నెత్తురు ఎట్ల కారిందో, ఆమె తన చేతులల్ల ఎట్ల చల్లబడ్డదో, మళ్ల కడుపొస్తే ఈసారి మనిషే దక్కదని తనెట్ల భయపడ్డడో. చెప్తే ఆమె వినదనుకున్నడు. బిడ్డ కావాలని పట్టుబడతదనుకున్నడు. "నాకు పిల్లలు అవసరం లేదు మేడం. నాకు ఆమె బతికుంటే చాలు" అని ఏడ్చిండు.

మేమందరం అతన్నే చూస్తున్నం. ముందుగ ముత్యాలు మంచం దిక్కు తిరిగింది. హేమలత అంతా విన్నది. నోరు తెరిచి, మూసి, తెరిచి, కొట్టుకుంటున్నది. మెడ నరాలు ఉబ్బినయ్. ఇన్ని భాషలల్ల మాట్లాడే మనిషికి, ఒక్క మాట అవసరమైన రోజున ఒక్క మాట రాలేదు. ఆఖరికి ఎడమ చేత్తోని కోటేష్ చెయ్యిని మంచం పట్టీ మీద నుంచి తోసింది. ఒక్కసారి కాదు. అతను మళ్ల పెట్టినప్పుడల్లా తోసింది. తర్వాత మొగం గోడ దిక్కు తిప్పుకున్నది.

పూలి బయట వరండాల కూలబడి, నెత్తి కొట్టుకున్నది. "మూడేండ్లు నేను ఆ పిల్లను తిట్టిన. వాడు వినుకుంట కూసున్నడు. ఒక్కనాడన్నా, తిట్టకు అమ్మా, తప్పు నాది అనలేదు" అని లంబాడీల అంటున్నదని తర్వాత తెలిసింది.

హేమలత పద్దెనిమిది రోజులు దవాఖానాల ఉన్నది. పొద్దున, సాయంత్రం కడుపుకు సూదులు. తర్వాత రక్తం పలచబడే గోలీలు ఆరు నెలలు. ఆమె అన్న హీరాలాల్ బోనకల్ దగ్గర మిరప పండించే రైతు. చెల్లెను తండాకు పంపలేదు, సీదా తన ఇంటికే తీసుకుపోయిండు. "కేసు పెడుదాం" అని పండ్లు కొరికిండు. హేమలత వద్దు అన్నట్టు చెయ్యి ఊపింది. ఎందుకు వద్దో చెప్పే మాట ఆమెకింకా రాలేదు.

మాట మెల్లగ వచ్చింది. ముందు లంబాడీ వచ్చింది. వదిన చెంబు తెస్తుంటే "పాణి" అన్నదట. నీళ్లు. హీరాలాల్ పరుగెత్తుకొచ్చి మళ్లీ అనుమన్నడట. తెలుగు ఇంకా పది రోజులకు వచ్చింది. ముత్యాలు సెంటరు గోడ మీది బొమ్మల పటం చుట్టుకొని తీసుకుపోయి బోనకల్ల ఇంటి గోడకు కొట్టింది. మేక, పలక, బంతి. పిల్లలకు చెప్పినట్టే టీచరమ్మకు చెప్పింది. పలకను చూపిస్తే మేక అని, తప్పని తెలిసి, కోపంతోని గోడను గుద్దేది. ఒక్క మాట సరిగ్గ వస్తే ముత్యాలు చప్పట్లు కొట్టేది. "నేను పిల్లనా?" అని అడగాలని ఉండెనట. అప్పటికి అంత పొడుగు మాట రాలేదు.

కోటేష్ ప్రతి ఆదివారం వచ్చి గేటు బయట నిలబడేటోడు. హీరాలాల్ లోపలికి రానిచ్చేటోడు కాదు. మే నెల చివరి ఆదివారం నేను, ముత్యాలు పోయినం. హేమలత కొంచెం నడుస్తున్నది. కుడికాలు ఈడ్చుకుంట వచ్చి, అన్నతోని, "రాని... య్యి" అన్నది.

కోటేష్ వాకిట్ల కింద కూసున్నడు. బాగ చిక్కిపోయిండు. హేమలత కుర్చీల కూసున్నది. మాట మాటకు మధ్యల ఆగుకుంట, వెతుక్కుంట అడిగింది.

"రంగు... ఎందుకు... మార్చినవ్?"

నాకు అర్థం కాలేదు. కోటేష్‌కు అర్థమైంది. తల దించుకున్నడు.

"ఎర్ర గోలీలు" అన్నది. "అయిదో... రోజు. తలనొప్పి... అయిదో రోజు. నీకు... ఎరుకే?"

అప్పుడు చెప్పిండు. నాలుగో రోజు వాంతి సంగతి విన్నంక రాత్రి నిద్ర పట్టక, తెల్లారి షాపు తీయంగనే ఆ గోలీల డబ్బాల మడత కాగితం విప్పి చదివిండు. గట్టి తలనొప్పి, వాంతులు, చూపు తేడా వస్తే గోలీ ఆపి వెంటనే డాక్టరుకు చూపాలని రాసి ఉన్నది. గోలీలు ఆపిండు. విటమిన్లు పోసిండు. డాక్టరుకు మాత్రం చూపలేదు.

"ఎందుకు?" అన్నది హేమలత.

"డాక్టరు అడుగుతడు. ఏం గోలీలు అని అడుగుతడు. నీకు తెలుస్తది. ఆపిన కదా, తగ్గుతదనుకున్న."

"ఆరు... రోజులు."

"అవ్" అన్నడు కోటేష్.

హీరాలాల్ లేచి నిలబడ్డడు. హేమలత చెయ్యి ఎత్తి ఆపింది. అన్నను కాదు, కోటేష్‌ను చూసుకుంట, ఒక్కొక్క మాట ఏరుకుంట అన్నది. "పిల్లలు... వద్దని చేసింది... భయం. సరే. అది భయం. ఆ ఆరు రోజులు... భయం... నా గురించి కాదు. నీ గురించి."

అంత పొడుగు మాట అదే మొదటిది. చెప్పి అలిసిపోయి కళ్లు మూసుకున్నది. కోటేష్ ఏదో అనబోతే ముత్యాలు, "ఇంక పో బిడ్డా" అన్నది. అతను లేచి పోయిండు.

జూన్ల సెంటర్లు తెరిచే ముందర హేమలత తండాకు వచ్చింది, కాపురానికి కాదు. తండా నాయక్ మోతీ ఇంటి ముందు రేకుల కింద పెద్దమనుషులను కూసోబెట్టమని అన్నతోని చెప్పించింది. గూడెపోళ్లను గూడ పిలిచింది. "కేసు పెడితే స్టేషన్ల చెప్తడు. అతను తండాల చెప్పాలె" అన్నదట. అప్పుడు తెలిసింది కేసు ఎందుకు వద్దన్నదో.

నేను గూడ పోయిన. మోతీ నాయక్ ముసలోడు, గడ్డం నిమురుకుంట మొదలుపెట్టిండు. "మొగడు ప్రేమకే చేసిండు గదా బిడ్డా. నిన్ను పోగొట్టుకోవద్దనే చేసిండు. తప్పు ఒప్పుకుంటున్నడు. కాళ్లు మొక్కుతడు. ఇంటికి పో" అన్నడు. నలుగురైదుగురు తల ఊపిండ్రు.

హేమలత లేచింది. లంబాడీల కాకుండ తెలుగుల మాట్లాడింది, గూడెపోళ్లకు అర్థం కావాలని.

"ఈ తండాల... నన్ను గొడ్రాలన్నరు. మూడేండ్లు. పెండ్లిల పసుపు... ముట్టనియ్యలే. ఆయన చెప్పాలె. ఎవ్వలు చేసిండ్రో. నిలబడి... చెప్పాలె."

కోటేష్ నిలబడ్డడు. హేమలత దిక్కు చూసి మళ్ల కూసోబోయిండు. పూలి వెనక నుంచి కొడుకు భుజం మీద ఒక దెబ్బ కొట్టింది. "చెప్పురా. నన్ను గూడ పాపంల ముంచినవ్. చెప్పు" అన్నది. అతను చెప్పిండు. గోలీలు, సీసా, మడత కాగితం, ఆ ఆరు రోజులు, అన్నీ.  అప్పట్ల పెండ్లిల పసుపు గిన్నె పక్కకు జరిపిన ఆడామె కొంగు నోట్ల పెట్టుకొని కూసున్నది.

అతను చెప్పుడు అయిపోయినంక మోతీ నాయక్, "ఇంక ఇంటికి పోతవా బిడ్డా?" అని అడిగిండు.

"పోను" అన్నది హేమలత. ఆ ఒక్క మాట తడబడకుండ వచ్చింది.

ఇప్పుడు హేమలత గూడెంల ముత్యాలు ఇంటి పక్క గది కిరాయికి తీసుకొని ఉంటున్నది. పొద్దున వాగు దాటే పని లేదు. కుడి చెయ్యి ఇంకా కొంచెం బరువే, గరిటె ఎడమ చేత పడుతది. ఫోన్ల అంకెలు సరిగ్గనే పడుతున్నయ్. మీటింగుకు వస్తే ముందు వరుసల కూసోబెడుతున్న. క్షమాపణ అడిగిన. "మీకు ఎరుక లేక అన్నరు మేడం" అన్నది. ఆ మాటతోని నన్ను వదిలిపెట్టింది, కానీ ఎరుక ఉన్నోడిని వదల్లేదని నాకు తెలిసింది. కథలు చెప్పేటప్పుడు మధ్యల ఒక మాట దొరకదు. ఆగిపోతది. పిల్లలే అందిస్తరు.

పూలి వారానికొకసారి వాగు దాటి వచ్చి, జొన్న రొట్టెలో, చింతచిగురో గడప మీద పెట్టి కాసేపు కూసుంటది. ఇద్దరూ పెద్దగ మాట్లాడుకోరు. కోటేష్ మందుల షాపు మానేసి కొత్తగూడెం దిక్కు ఎక్కడనో కూలికి పోతున్నడంటరు. ఒక్కసారి ముత్యాలుతోని కబురు పంపిండు. హేమలత జవాబు పంపలేదు.

ఆ ఏడాదే సెప్టెంబర్ల ఆఖరి చూపుకు ఖమ్మం పోయినప్పుడు నేను గూడ తోడు పోయిన. షబ్రీన్ డాక్టరమ్మ కొత్త ఫోటో వెలుతురుకు పెట్టి చూసింది. గడ్డ కరిగిందన్నది. తొవ్వ చానావరకు తెరుసుకున్నదన్నది. రక్తం పలచబడే గోలీలు ఇంక ఆపొచ్చన్నది.

"ఆ పిల్లలు కాకుండ ఇచ్చే గోలీలు జన్మల ముట్టొద్దు" అన్నది. తర్వాత కాగితాలు సర్దుకుంట ఆగి, "నీకు బిడ్డ కావాలంటే అడ్డం లేదు హేమలతా. ముందే మాకు చెప్పాలె. సూదులు తీసుకుంట, చూపించుకుంట కనొచ్చు. కష్టమే, కానీ కాదని లేదు. నీకీ మాట ముందే ఎవరన్న చెప్పి ఉండాల్సింది" అన్నది.

హేమలత చేతులు చూసుకుంట కూసున్నది. మాట దొరుకుతలేదేమో అనుకొని నేను అందిద్దామని నోరు తెరిచిన. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఈ మాట నాకే చెప్పిన మొదటి మనిషి మీరే మేడం" అన్నది డాక్టరమ్మతోని. "ఇప్పుడైతే... ఏం చెప్పను. ఎవ్వల చేతి నీళ్లు తాగాలన్నా... ముందు గ్లాసు దిక్కు చూస్తున్న. అది పోవాలె. అది పోయినంక ఆలోచిస్త."

బయట బస్టాండుల ఎండ తగ్గలేదు. నేను నీళ్ల సీసా కొని మూత తీసి ఇయ్యబోయిన. తీసుకోలేదు. తను పోయి ఇంకోటి కొనుక్కొని, మూత గట్టిగ ఉందో లేదో చూసి, ఎడమ చేత్తోని తిప్పి తీసి తాగింది. నాకు నొప్పి కాలేదని అంటే అబద్ధం. బూర్గంపాడు బస్సు వచ్చింది. ఇద్దరం ఎక్కినం.